నోటు మీద మాయా సున్నా, ఓటుకు కర్ర కాపలా

సోమవారం, గ్వాటెమాలా సిటీ

మధ్య అమెరికాలోని గ్వాటెమాలా డబ్బు చేతికి రాగానే నోటు పైమూల చూడండి. ఇరవై కెత్సాల్‌ల నోటు మీద ఒక చుక్క, దాని కింద గవ్వ బొమ్మ ఉంటాయి. మాయాలు ఈ నేల మూలవాసులు. వాళ్ళ లెక్కలో చుక్క ఒకటి, అడ్డగీత ఐదు, గవ్వ సున్నా. వాళ్ళది ఇరవైల లెక్క కాబట్టి పైవరుసలోని చుక్క విలువ ఇరవై. వంద నోటు మీద చుక్కకు బదులు అడ్డగీత ఉంటుంది, అంటే ఐదు ఇరవైలు. సున్నా మాదేనని చెప్పుకొనే దేశం నుంచి వచ్చినవాణ్ణి కదా, టాక్సీ అతను తొందరపెడుతున్నా ఆ గవ్వను తేరిపార చూడకుండా ఉండలేకపోయాను. ఈ సున్నాను దర్జాగా అచ్చువేసుకున్న రాజ్యం ఆ లెక్క కట్టినవాళ్ళ వారసులను తరాల తరబడి కూలీల లెక్కలోనే ఉంచింది.

నగరం నడిబొడ్డున రాజ్యాంగ మైదానం. ఉత్తరాన జాతీయ ప్రాసాదం, తూర్పున కథెడ్రల్. ప్రాసాదం లేత ఆకుపచ్చ రంగులో ఉంటుంది. 1943లో దాన్ని పూర్తి చేయించినవాడు హోర్హె ఉబికో అనే నియంత. అతని 1934 నాటి చట్టం ప్రకారం భూమి లేని, చాలినంత లేని ప్రతి మూలవాసీ ఏడాదికి వంద నుంచి నూట యాభై రోజులు తోటల్లో పనిచేసి, ఆ లెక్క చిన్న పుస్తకంలో రాయించుకొని జేబులో పెట్టుకు తిరగాలి. పుస్తకంలో రోజులు తక్కువైతే దేశదిమ్మరి కింద జమకట్టి జైల్లో వేసేవారు. పేరు ఏదైనా అది వెట్టి.

1944లో జనం ఉబికోను దించారు. తొలి స్వేచ్ఛాయుత ఎన్నికల్లో బడిపంతుళ్ళకు పాఠాలు చెప్పే హువాన్ హోసే అరెవాలో గెలిచారు. ఆ తరవాత వచ్చిన హకోబో ఆర్బెన్స్ 1952లో భూసంస్కరణ చట్టం తెచ్చి, పెద్ద ఎస్టేట్లలో బీడుపడి ఉన్న భూమిని దాదాపు లక్ష కుటుంబాలకు పంచారు. అందులో అమెరికాకు చెందిన యునైటెడ్ ఫ్రూట్ కంపెనీ అరటి భూములూ ఉన్నాయి. పన్ను ఎగ్గొట్టడానికి కంపెనీ తన భూమి విలువను ఎంత తక్కువ చేసి చూపిందో, ప్రభుత్వం సరిగ్గా అంతే పరిహారం ఇస్తానన్నది. ఆరు లక్షల ఇరవై ఏడు వేల డాలర్లు. అమెరికా విదేశాంగ శాఖ అడిగింది కోటీ యాభై ఎనిమిది లక్షలు. ఈ బేరంలో ఆర్బెన్స్ చూపిన గడుసుదనం చదివినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. ఆ నవ్వు ఎంతోసేపు ఉండదు. అప్పటి అమెరికా విదేశాంగ మంత్రి, సీఐఏ అధిపతి అన్నదమ్ములు. ఇద్దరూ ఆ కంపెనీ వ్యవహారాలు చూసిన న్యాయవాద సంస్థలో పనిచేసినవాళ్ళే. 1954 జూన్‌లో సీఐఏ నడిపించిన కుట్రతో ఆర్బెన్స్ గద్దె దిగారు. పంచిన భూములు వెనక్కి పోయాయి. 1960లో మొదలైన అంతర్యుద్ధం 1996 డిసెంబరు 29 దాకా ఆగలేదు.

కథెడ్రల్ ముందు పాలరాతి పలకలు తొడిగిన పన్నెండు స్తంభాలున్నాయి. వాటి నిండా యుద్ధంలో చనిపోయినవారి, మాయమైనవారి పేర్లు. ఒకే ఇంటిపేరు వరసగా ఎనిమిదిసార్లు వచ్చిన చోట వేలు ఆగిపోయింది. ఐక్యరాజ్యసమితి మద్దతుతో పనిచేసిన సత్య కమిషన్ 1999లో ఇచ్చిన నివేదిక ప్రకారం చనిపోయిన, మాయమైన వారు రెండు లక్షలకు పైగా. గుర్తించగలిగిన బాధితుల్లో 83 శాతం మాయా జనం. నేరాల్లో 93 శాతం సైన్యానివి, సైన్యం అండ ఉన్న ముఠాలవి. అంతకు ముందే చర్చి తరఫున ఇలాంటి నివేదికను బిషప్ హువాన్ హెరార్ది 1998 ఏప్రిల్ 24న విడుదల చేశారు. రెండు రోజుల తరవాత ఆయన్ను ఇంట్లోనే తల పగలగొట్టి చంపారు. 2001లో సైన్యానికి చెందిన ముగ్గురికి శిక్ష పడింది.

మంగళవారం, ఆంటిగ్వా

1773 భూకంపాలు కూల్చేదాకా ఇదే రాజధాని. రాళ్ళు పరిచిన వీధులు, పసుపు రంగు కమాను, కూలిన చర్చిల మొండిగోడలు, దూరంగా నిమిషాల తేడాతో పొగ కక్కే ఫ్వేగో అగ్నిపర్వతం. అన్నీ బాగున్నాయి. కాఫీ మరీ బాగుంది. అయినా ఊళ్ళో సగం మంది నాలాంటి యాత్రికులే కావడంతో ఒక పూట చాలనిపించింది. మాయా రవికలను ‘విపీల్’ అంటారు. వాటి నమూనాలను యంత్రం మీద అచ్చువేసి అమ్ముతున్న కొట్లు చూసి మాత్రం ఆగాను. అసలు విపీల్‌కు నెలలు పడుతుంది, దీనికి నిమిషాలు. ధరలో తేడా కూడా అలాగే ఉంది.

బుధవారం, సాంతియాగో అతిత్లాన్

అతిత్లాన్ సరస్సు చుట్టూ మూడు అగ్నిపర్వతాలు. మధ్యాహ్నం దాటితే షొకొమిల్ అనే గాలి లేచి పడవలను ఎగరేస్తుంది కాబట్టి పొద్దున్నే దాటాలి. సాంతియాగో త్సుతుహిల్ మాయాల ఊరు. రేవు దగ్గర కూర్చున్న ఒక ముసలమ్మ తలచుట్టూ ఎర్రటి పట్టీని గజాల కొద్దీ చుట్టి, పళ్ళెమంత వెడల్పున కట్టుకుంది. ఇరవై ఐదు సెంతావోల నాణెం మీద ఉన్నది ఇదే ఊరి స్త్రీ, ఇదే తలకట్టుతో. ఫొటో తీసుకోవచ్చా అని అడిగితే, నాణెం చూపించి ఇది నీ దగ్గర ఉంది కదా, మళ్ళీ ఎందుకు అన్నది. ఫోను జేబులో పెట్టుకున్నాను.

మాషిమోన్ అనే దేవుడు ఇక్కడ ఏడాదికొక ఇంట్లో కాపురం ఉంటాడు. చెక్క విగ్రహం, మెడ నిండా రుమాళ్ళు, నోట్లో చుట్ట, ముందు సారా. చర్చి అధికారులకు ఆయనంటే పడదు. ఊరికి మాత్రం ఆయనా కావాలి, చర్చీ కావాలి. ఆ చర్చిని ఆనుకొని ఉన్న ఫాదరీ నివాసంలోనే స్టాన్లీ రోథర్ అనే అమెరికన్ ఫాదరీని 1981 జూలైలో చంపారు. ఆయన దేహాన్ని ఓక్లహోమాకు పంపించారు, గుండెను మాత్రం ఊరివాళ్ళు ఇక్కడే ఉంచుకున్నారు.

అసలు కథ ఊరి చివర శాంతివనంలో ఉంది. 1990 డిసెంబరు 2 తెల్లవారుజామున వేలమంది నిరాయుధులుగా, తెల్లజెండాలు పట్టుకొని సైనిక శిబిరానికి నడిచారు. తాగిన సైనికులు అంతకు ముందు రాత్రి ఊళ్ళో చేసిన ఆగడాల మీద నిలదీయడానికి వెళ్ళారు. శిబిరం నుంచి కాల్పులు జరిగాయి. డజనుకు పైగా చనిపోయారు, వారిలో పిల్లలూ ఉన్నారు. ఆ తరవాత ఊరంతా ఒకటే మాట మీద నిలబడింది: సైన్యం ఇక్కడ ఉండకూడదు. కొద్ది రోజుల్లోనే శిబిరం ఎత్తేశారు. యుద్ధం ఇంకా ఆరేళ్ళు నడవాల్సి ఉండగానే ఒక మాయా ఊరు సైన్యాన్ని ఖాళీ చేయించింది. శవాలు పడినచోట రాతి పలకలు పాతారు, మొక్కజొన్న చేలు వాటి అంచుదాకా వచ్చాయి.

గురువారం, చిచికాస్తెనాంగో

గురువారం, ఆదివారం సంత. కూరగాయలు, కోళ్ళు, కొయ్య ముఖాలు, సున్నం. సున్నం ఎందుకంటే, మొక్కజొన్న గింజల్ని సున్నపు నీళ్ళలో ఉడికించి నానబెడితేనే పొట్టు ఊడి రొట్టెకు పిండి అవుతుంది. ఉట్టి మొక్కజొన్న మీద బతికిన ఇతర దేశాల పేదలకు విటమిన్ లోపం వల్ల పెల్లాగ్రా జబ్బు వచ్చింది. ఇక్కడివాళ్ళు వేల ఏళ్ళ నుంచి ఈ సున్నం వల్లనే తప్పించుకున్నారు.

సాంతో తొమాస్ చర్చికి పద్దెనిమిది మెట్లు. మెట్ల మీద పూలమ్మేవాళ్ళు, పైన చిల్లుల డబ్బాల్లో సాంబ్రాణి ఊపుతున్న పెద్దలు. పొగలో సగం మొహాలే కనిపిస్తాయి. లోపల నేల మీద కొవ్వొత్తులు, పూలరేకులు, మొక్కజొన్నలు పెట్టి, ఇక్కడి మాయాల కిచే భాషలో పూర్వీకులతో మాట్లాడుతున్నారు. పక్కనే కతోలిక్ ప్రార్థన నడుస్తోంది. రోజు లెక్క చూసే ఆయన్ను ‘అహ్‌కీహ్’ అంటారు. ఇరవై రోజుల పేర్లు, పదమూడు అంకెలు కలిపి తిప్పితే 260 రోజుల చక్రం. పుట్టిన రోజు పేరును బట్టి మనిషి స్వభావం చెబుతారు, పెళ్ళికీ విత్తనానికీ మంచి రోజు చూస్తారు. పంచాంగం చేతపట్టుకొని మా ఊళ్ళో అరుగు మీద కూర్చునే అయ్యవారు ఇక్కడుంటే ఈయనతో గంటసేపు తిథుల మీద తగువు పెట్టుకునేవారు.

ఈ చర్చిలోనే పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో ఫ్రాన్సిస్కో హిమెనెస్ అనే ఫాదరీ కిచేల పురాణం పొపొల్ వూహ్‌ను కిచేలో ఒకవైపు, స్పానిష్‌లో ఒకవైపు రాసిపెట్టాడు. దేవతలు ముందు మట్టితో మనుషుల్ని చేస్తే కరిగిపోయారు, కొయ్యతో చేస్తే వాళ్ళకు హృదయం లేకపోయింది, చివరికి మొక్కజొన్న పిండితో చేస్తే నిలిచారు. కొయ్యమనుషుల మీద వాళ్ళ కుండలు, రోళ్ళు, కుక్కలు తిరగబడి ‘మమ్మల్ని మాడ్చారు, నూరారు, కొట్టారు’ అని లెక్క అడిగే ఘట్టం ఒకటుంది. ప్రపంచ పురాణాల్లో నాకు నచ్చిన ఘట్టాల్లో అది మొదటిది. ఆ రాతప్రతి పంతొమ్మిదో శతాబ్దంలో ఒక ఫ్రెంచి మతగురువుతో ఐరోపాకు వెళ్ళింది. ఇప్పుడు షికాగోలోని న్యూబెరీ గ్రంథాలయంలో ఉంది. చిచికాస్తెనాంగోలో దాని నకళ్ళు యాత్రికులకు అమ్ముతారు.

శుక్రవారం, సల్కహా

ఈ ఊరి పేరు యాత్రికుల పుస్తకాల్లో ఒక్క వాక్యం. నేను ప్రత్యేకంగా దీని కోసమే వచ్చాను. మాది పోచంపల్లి పక్క ఊరు, ఇంట్లో చిటికి నేత, అంటే ఇక్కత్. సల్కహాలో వీధి పొడుగునా పడుగు నూలు బారలు కట్టి, ఒక మనిషి కూర్చొని గుర్తు పెట్టిన చోటల్లా దారంతో బిగించి ముడులు వేస్తున్నాడు. ముడి పడినచోట రంగు ఎక్కదు. అద్దకం అయ్యాక ముడులు విప్పితే నూలు మీదే బొమ్మ ఉంటుంది, మగ్గం మీద దాన్ని చెదరకుండా కలపాలి. ఇక్కడ దీన్ని ‘హస్పె’ అంటారు. మాయా స్త్రీలు కట్టుకునే పొడవాటి చీరలాంటి ‘కొర్తె’కు ఈ నేతే.

మా ఇంట్లో సైకిలు ట్యూబు ముక్కలతో కడతాం, వీళ్ళు నూలుతోనే కడుతున్నారు. నేను కూర్చొని ఒక ముడి వేసి చూపించాను. ఆయన దాన్ని గోటితో లాగి, వదులుగా ఉందని తల అడ్డంగా ఊపి, విప్పి మళ్ళీ కట్టాడు. మా నాన్న కూడా సరిగ్గా అదే అనేవారు.

కాలి మగ్గాలు స్పెయిన్‌వాళ్ళు తెచ్చినవి, వాటి మీద ఎక్కువగా మగవాళ్ళు నేస్తారు. ఆడవాళ్ళది నడుం మగ్గం. ఒక కొస చెట్టుకో స్తంభానికో కట్టి, రెండో కొస పట్టీతో నడుముకు తగిలించుకొని, ఒళ్ళు వెనక్కి వాల్చి పడుగును బిగిస్తారు. విపీల్‌లు ఆ మగ్గం మీదివే, ఊరికొక నమూనా. 2016లో నేతగత్తెల సంఘాలు రాజ్యాంగ న్యాయస్థానం గుమ్మం ఎక్కాయి. ఈ నమూనాల మీద హక్కు ఏ ఒక్కరిదో కాదు, ఊరందరిదీ ఉమ్మడిగా ఉండాలని అడిగాయి. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వచ్చాక కూడా మా డిజైన్లు పాలిస్టర్ మీద అచ్చయి బజారులో దొరుకుతూనే ఉన్నాయి. కాగితం ఎంతవరకు కాపాడుతుందో నాకు అనుమానమే.

శనివారం, తొతొనికపాన్

ఈ యాత్రలో ఒక్క ఊరే చూడాలంటే నేను దీన్నే ఎంచుకుంటాను. 1820లో ఇక్కడి కిచేలు అతనాసియో త్సుల్, లూకాస్ అగిలార్ నాయకత్వంలో స్పెయిన్ రాజు పన్నుల మీద తిరగబడి, వారాల పాటు సొంత పాలన నడిపారు. ఇప్పటికీ ఈ మునిసిపాలిటీలోని నలభై ఎనిమిది ఊళ్ళకు ఎన్నికల పార్టీలతో సంబంధం లేని సొంత కట్టుబాటు ఉంది. ప్రతి ఊరూ సభ పెట్టి ఏడాదికొకసారి పెద్దల్ని ఎంచుకుంటుంది. జీతం లేదు, ప్రయాణ ఖర్చులూ చేతివే. వంతు వచ్చినవాళ్ళు అంగడి మూసుకొని, అమెరికాలో కూలి పని చేస్తుంటే సెలవు పెట్టుకొని వచ్చి మరీ సేవ చేస్తారు. చేయనివాళ్ళకు ఊరి నీళ్ళమీద హక్కు పోతుంది.

ఆ నీళ్ళు అడవివి. ఇరవై వేల హెక్టార్లకు పైగా ఉన్న పైన్ అడవిని ఈ ఊళ్ళే ఉమ్మడిగా కాపాడుతున్నాయి. పచ్చటి కొండను చూపిస్తూ నన్ను నడిపించిన పెద్దాయన చేతిలో వెండి పొన్ను తొడిగిన నల్లకర్ర ఉంది. అది అధికార చిహ్నం. దాన్ని నేలమీద పడేయరు, కూర్చున్నప్పుడు మోకాళ్ళ మధ్య నిలబెట్టి పట్టుకుంటారు. చెట్టు కొట్టాలంటే సభ ఒప్పుకోవాలి, ఒకటి కొడితే కొన్ని నాటాలి. అటవీ శాఖ ఉద్యోగులు ఎంతమంది అని అడిగాను. ఎవరి శాఖ అని అడిగారు ఆయన.

2012 అక్టోబరు 4న కరెంటు ఛార్జీలకూ రాజ్యాంగ సవరణలకూ వ్యతిరేకంగా వీళ్ళు హైవే మీద అలాస్కా అనే కొండమలుపు దగ్గర బైఠాయిస్తే సైన్యం కాల్పులు జరిపింది. కనీసం ఆరుగురు చనిపోయారు. అప్పటి అధ్యక్షుడు ఒతో పెరెస్ మొలీనా మాజీ జనరల్. 2015లో కస్టమ్స్ కుంభకోణంలో పీకలదాకా మునిగి రాజీనామా చేశాడు. ఆ కేసు తవ్వడంలో తోడ్పడిన ఐక్యరాజ్యసమితి అవినీతి వ్యతిరేక కమిషన్‌ను తరవాతి ప్రభుత్వం 2019లో ఇంటికి పంపింది.

ఇక 2023. ఎవరూ ఊహించని విధంగా అధ్యక్ష ఎన్నికల రెండో విడతకు బెర్నార్దో అరెవాలో చేరి, ఆగస్టు 20న భారీ తేడాతో గెలిచారు. మొన్న సోమవారం నాటి హువాన్ హోసే అరెవాలో కొడుకే ఈయన. తండ్రి ప్రవాసంలో ఉండగా ఉరుగ్వేలో పుట్టారు. అటార్నీ జనరల్ కన్సువేలో పోర్రాస్ కార్యాలయం ఆయన పార్టీ మీద కేసులు పెట్టింది. సెప్టెంబరు ఆఖరున ఏకంగా ఓట్ల లెక్కల కాగితాలను ఎన్నికల సంఘం నుంచి ఎత్తుకుపోయింది. అక్టోబరు 2న నలభై ఎనిమిది ఊళ్ళవాళ్ళు, సోలోలా పెద్దలు, ఇంకా ఎన్నో మాయా సంఘాలవాళ్ళు, షింకా అనే మరో మూలవాసీ జాతివాళ్ళు రాజధాని చేరి ఆ కార్యాలయం ముందు కూర్చున్నారు. దేశమంతా రహదారులు ఆగిపోయాయి. కూర్చున్నవాళ్ళు వంద రోజులు దాటినా కదల్లేదు. ఊరి తరవాత ఊరు వంతులవారీగా లారీల్లో మొక్కజొన్న, కట్టెలు, మనుషుల్ని పంపింది. 2024 జనవరి 15 అర్ధరాత్రి దాటాక అరెవాలో ప్రమాణం చేశారు.

‘ఆయన పార్టీకి ఓటేశారా’ అని పెద్దాయన్ను అడిగాను. ‘అది నా సొంత విషయం. ఓటు మాత్రం అందరిది, అందుకే వెళ్ళాం’ అన్నారు. రాజ్యం ఎప్పుడూ తమవాళ్ళుగా చూడని మనుషులు ఆ రాజ్యం ఎన్నికను కాపాడారు. కొత్త మంత్రివర్గం వచ్చినప్పుడు అందులో మాయా మంత్రి ఒక్కరే. దీని గురించి ఇక్కడ ఎవరూ గొంతు పెంచలేదు కానీ ఎవరూ మరచిపోనూ లేదు.

సోమవారం, నెబాహ్

ఆదివారమంతా బస్సులోనే గడిచింది. అమెరికా బడుల్లో పిల్లల్ని మోసి రిటైరైన బస్సులకు ఇక్కడ రంగులు వేసి, ముగ్గురు పట్టే సీటులో ఐదుగుర్ని కూర్చోబెడతారు.

నెబాహ్, చహుల్, కొత్సాల్ మూడూ ఇషిల్ మాయాల ఊళ్ళు. పొగమంచు కప్పిన లోయ, ఎర్ర కొర్తెలు. 1982 మార్చి నుంచి 1983 ఆగస్టు దాకా జనరల్ ఎఫ్రాయిన్ రియోస్ మోంట్ పాలించిన పదిహేడు నెలల్లో ఇక్కడ ఊళ్ళకు ఊళ్ళు తగలబడ్డాయి. ఆదివారాలు టీవీలో నీతిబోధ చేసేవాడు ఆ జనరల్. బతికినవాళ్ళు కొండల్లో ఆకులు తిని దాక్కున్నారు. 2013లో జడ్జి యస్మిన్ బారియోస్ ముందు ఇషిల్ స్త్రీలు ముసుగు కప్పుకొని తమ మీద సైనికులు చేసిన అత్యాచారాలు చెప్పారు. మే 10న రియోస్ మోంట్‌కు 1,771 మంది హత్యలకు గాను జాతిహననం, మానవత్వం మీద నేరాల కింద ఎనభై ఏళ్ళ శిక్ష పడింది. పది రోజులకే రాజ్యాంగ న్యాయస్థానం దాన్ని కొట్టేసింది. మళ్ళీ విచారణ తేలకముందే 2018లో అతను పోయాడు. అయినా సొంత దేశపు కోర్టులో ఒక మాజీ పాలకుడికి జాతిహననం శిక్ష పడిందన్నది చరిత్రలో ఉండిపోయింది.

రాత్రి భోజనం బోష్‌బోల్. బెంగళూరు వంకాయ తీగ లేత ఆకుల్లో మొక్కజొన్న పిండి చుట్టి ఉడికించి, వేయించిన గుమ్మడిగింజల పొడి, మిరపకాయ టమాటా పచ్చడి వేసి పెడతారు. ఆ తీగ, ఆ మిరప, ఆ టమాటా అన్నీ ఈ ఖండం నుంచే మన వంటింటికి వచ్చాయి. తీగ ఆకు తినవచ్చని మాత్రం మనకు ఎవరూ చెప్పినట్టు లేదు.

బుధవారం, కొబాన్

నోబెల్ శాంతి బహుమతి అందుకున్న మాయా నాయకురాలు రిగొబెర్తా మెంచు పుట్టిన ఉస్పాంతాన్ మీదుగా, కొండచరియలు విరిగిపడిన దారిలో కొబాన్ చేరాను. ఇది కెక్చి మాయాల ప్రాంతం, సన్నటి వాన ఆగని చోటు. 1870ల తరవాత ఉమ్మడి భూములను ప్రభుత్వం కాఫీకి కట్టబెడితే జర్మన్ దొరలు వచ్చి కొన్నారు, భూమితోపాటు దానిమీది మనుషులూ వాళ్ళ చేతికిందికి పోయారు. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో అలాంటి ఒక జర్మన్ యజమాని యాలకులు తెచ్చి నాటాడు. ఇవాళ ప్రపంచంలో యాలకులు అత్యధికంగా ఎగుమతి చేసేది గ్వాటెమాలా. చాలావరకు అరబ్బు దేశాల కాఫీలోకి పోతాయి. పండించే కెక్చిలు వీటిని తినరు.

ఏటవాలు కొండమీద నీడ చెట్ల కింద ఒక రైతు, ఆయన కూతురు మొదళ్ళ దగ్గర వంగి పచ్చి కాయలు కోస్తున్నారు. ఆ రోజే కట్టెలపొయ్యి బట్టీకి చేర్చకపోతే రంగు పోతుంది, రంగు పోతే దళారి ధర తగ్గిస్తాడు. ఇక్కడ దళారిని ‘కొయొతె’ అంటారు, అంటే నక్క జాతి జంతువు. మీరు దీన్ని ఏం చేస్తారు అని అమ్మాయి అడిగింది. పాయసంలో వేస్తామని చెప్పి, బియ్యం, పాలు, బెల్లం అంతా వర్ణించాను. ఒక కాయ నమిలి, మొహం వికారంగా పెట్టి ఉమ్మేసింది. తండ్రి నవ్వాడు.

కిందికి దిగుతూ భూమి ఎవరిదని ఆయన్ను అడిగాను. తాత కాలం నుంచి దున్నుతున్నామన్నాడు. ఇదే జిల్లాలోని పన్సోస్‌లో 1978 మే 29న పట్టాలు అడగడానికి వచ్చిన కెక్చి రైతుల మీద సైన్యం కాల్పులు జరిపింది. ముందు నడిచిన వృద్ధురాలు మామా మకీన్‌తోపాటు పదుల మంది చనిపోయారు. ఆ పేరు ఎత్తగానే ఈయన మా పెద్దనాన్న ఆ రోజు అక్కడే ఉన్నాడన్నాడు. మరి మీకు పట్టా వచ్చిందా అంటే, దరఖాస్తు పెట్టామనీ, సర్వే చేయడానికి మనిషిని పంపుతామన్నారనీ చెప్పి, బస్తా భుజానికెత్తుకొని బట్టీ వైపు నడిచాడు.